నీలం తలుపు మీద టిక్కు

ఉదయం ఆరు పదికి మా కాన్వాయ్ విజయవాడలోకి వచ్చింది. మూడు ట్రక్కులు, ఒక అంబులెన్సు, ట్రెయిలర్ల మీద రెండు రబ్బరు పడవలు. వాన ఆగి అప్పటికి పద్నాలుగు గంటలైంది. నీళ్లు మాత్రం తగ్గలేదు. ఆటోనగర్ దగ్గర ట్రక్కు ఇరుసు దాకా ఉన్నాయి. వాటి మీద ఇంజనాయిలు తెట్టె కట్టి రంగులు తిరుగుతోంది. షట్టర్లు మూసిన వర్క్‌షాపుల ముందు లారీ బాడీలు సగం మునిగి నిలబడ్డాయి. అక్కడి ఒక వర్క్‌షాపులోనే మా నాన్న పంతొమ్మిదేళ్లు బోల్టులు బిగించాడు. పక్కన కూర్చున్న రేడియో ఆపరేటర్‌కి వేలితో చూపించాను. అతను ఒడియా మనిషి. అటు చూసి తలూపాడు.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేశాను. అప్పటికి హవల్దారుని. దెబ్బ తగిలినవాడు డాక్టరు చేతికి చేరేదాకా ప్రాణం పోకుండా చూడటం నా ఉద్యోగం. రిటైరై వచ్చాక మా కాలనీలో వాళ్లు అడుగుతుంటారు, అన్నిటికంటే కష్టమైన పోస్టింగు ఏదని. ఏదో మంచు కొండ పేరు చెబుతానని చూస్తారు. నేను చెప్పేది మన కృష్ణా జిల్లాలో గడిపిన ఇరవై ఆరు రోజుల గురించి. వింటారు, నవ్వుతారు, నమ్మరు. అందుకే రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకి కెప్టెన్ డాక్టర్ ఆర్డరు చదివారు. ఆరుగురు మనుషులు, ఒక రేడియో సెట్, పామర్రు అవతల ఒక చేనేత పట్నం. అక్కడి పబ్లిక్ హెల్త్ నర్సు కింద పనిచేయాలి. ఆవిడ మాటే ఆర్డరు. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి డిటాచ్‌మెంటుకి నేనే పెద్ద. పట్నం పేరు వినగానే నా చెవులు వేడెక్కాయి. నేను పుట్టింది అక్కడే. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ నీలం తలుపు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

ఆ తలుపు షావుకారుది. మా వైపు షావుకారు అంటే నూలు ఇచ్చి గుడ్డ పట్టుకెళ్లే ఆసామి. మగ్గం మాది, చేతులు మావి, నూలు ఆయనది. నాకు పన్నెండేళ్లప్పుడు నాన్న టైఫాయిడ్‌తో నలభై రోజులు మంచంలో ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే షావుకారు ఇద్దరు మనుషుల్ని పంపించి, మగ్గం మీద సగం నేసిన పడుగుని కోయించి, చుట్ట చుట్టించి పట్టుకెళ్లాడు. నేను మగ్గం గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నన్ను పక్కకి కూడా నెట్టలేదు. బయటివాళ్లకి ఆ పని ఎలాంటిదో చెప్పాలంటే, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నాన్ని గిన్నెతో సహా ఎత్తుకుపోవడం లాంటిది. ఆ నెలే మేం ఊరు వదిలాం. నాన్న మళ్లీ పేక వేసే నాడె పట్టుకోలేదు.

అప్పట్నుంచీ ఆ మనిషి మీద నాకు పగ ఉంది. దాన్ని ముప్పై ఏళ్లు మేపాను. సియాచిన్‌లో కూడా మేపాను.

పామర్రు దాకా ట్రక్కు వెళ్లింది. ఆపైన రోడ్డు లేదు. వరి మునిగిపోయి రోడ్డూ పొలమూ ఒకటే నీళ్లయ్యాయి. సామాను ట్రాక్టరుకి ఎక్కించాం. సెలైన్ పెట్టెలు పన్నెండు, ఓఆర్ఎస్ పెట్టెలు ఇరవై, బ్లీచింగ్ బస్తాలు నాలుగు, క్లోరిన్ బిళ్లలు, స్ట్రెచర్ ఒకటి. సాయంత్రం నాలుగు ఇరవైకి హైస్కూల్లో దిగాం. అయిదింటికల్లా టెన్త్ క్లాసు గదిలో బల్లలు జరిపి, సెలైన్ సీసాలకి తాళ్లు కట్టి, క్యూకి గీత గీసి, యుద్ధభూమిలో డ్రెసింగ్ స్టేషన్ ఎలా పెడతామో అచ్చం అలాగే పెట్టాను. గర్వంగానే ఉంది.

పబ్లిక్ హెల్త్ నర్సు అప్పుడొచ్చారు. యాభై దాటిన మనిషి. వాళ్లది కూచిపూడి వైపు. కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఒక చేతిలో చెప్పులు, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన రిజిస్టరు. ఊరంతా సిస్టరు గారు అంటుంది. ఆవిడ గదంతా కలయజూశారు.

"బానే ఉందండీ హవల్దారు గారూ. నడవగలిగినవాళ్లు వస్తారు. నడవలేనివాళ్ల సంగతేంటి? నాకేం కాలేదులే అనుకునేవాళ్ల సంగతేంటి? మీకు పేషెంటు కావాలి. నాకు వీధి కావాలండి."

మర్నాడు ఆరున్నరకి నా చేతిలో సుద్దముక్క పెట్టారు.

ఆవిడ పద్ధతి ఇది. ప్రతి ఇంటికీ మూడు లెక్కలు అడగాలి. ఇక్కడ తినేవాళ్లు ఎంతమంది, పడుకునేవాళ్లు ఎంతమంది, పనిచేసేవాళ్లు ఎంతమంది. మూడూ ఒకటే అనుకోకూడదు. నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారు, గర్భిణి ఉందా, జ్వరం ఎవరికుంది, అన్నీ రిజిస్టరులో రాయాలి. ఇంట్లో అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చామంటే తలుపు మీద సుద్దతో టిక్కు. ఒక్కరు మిగిలినా ఇంటూ. ఇంటూ ఉన్న తలుపుకి మళ్లీ మళ్లీ వెళ్లాలి. టిక్కు ఉన్న తలుపు జోలికి ఇంకెవరూ వెళ్లరు. అందుకని టిక్కు పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోమన్నారు. పోలియో చుక్కల రోజుల నుంచీ ఆ ఊళ్లో ఇదే అలవాటట. సైన్యంలో పాస్‌వర్డుకి ఎంత విలువో, ఆ వీధుల్లో టిక్కుకి అంత విలువ.

మూడో రోజు నీళ్లు దిగాయి. నేతగాళ్ల వీధిలో పెద్ద గండం అప్పుడే మొదలైంది. మాది గుంట మగ్గం. నేలలో మోకాలి పైదాకా గొయ్యి ఉంటుంది. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేసి చెక్కలు తొక్కుతాడు. వీధిలో నీళ్లు పోయినా గుంటల్లో పోలేదు. నల్లటి నీళ్లు, వాటి మీద తేలే నూలు ఉండలు, ఒకచోట ఉబ్బిన పందికొక్కు. సిస్టరు గారు నాచేత ఇళ్లతోపాటు గుంటలు కూడా లెక్క పెట్టించారు. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు. నేతగాళ్ల పాదాలకేమో ఏడాది పొడుగునా పగుళ్లు. ఎలుక జ్వరం రావడానికి ఇంకేం కావాలి అన్నారావిడ.

మందు తేలికే. వారానికోసారి అన్నం తిన్నాక రెండు మాత్రలు. కానీ పై నుంచి వచ్చిన జాబితాలో ఆ మాత్రలు పొలం పనివాళ్లకి, మురిక్కాలవ పనివాళ్లకి మాత్రమే రాశారు. నేతగాళ్లు ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు కాబట్టి అక్కర్లేదట. రాసిన మనిషెవరో గుంట మగ్గం ఎప్పుడూ చూడలేదు. సిస్టరు గారు ఉత్తరం రాశారు. నేను రేడియో మీద కెప్టెన్‌కి చెప్పాను. రోజూ ఏడింటికి అదే మాట, అదే జవాబు.

"మాత్రలు ఎప్పుడు? ఓవర్."

"అడుగుతున్నాం. ఆగండి. ఓవర్."

మాత్రలు వచ్చేదాకా గుంటలు తోడి, బ్లీచింగ్ చల్లి, వారం ఆరబెట్టాలని, అప్పటిదాకా ఎవరూ మగ్గం ఎక్కకూడదని సిస్టరు గారు ఇంటింటికీ చెప్పారు. జనం సరేనన్నారు. అయిదో రోజు పొద్దున షావుకారు స్కూటరు మీద వీధిలో తిరిగాడు. గంజి పెట్టిన పడుగు తేమకి బూజు పడుతుందని, పెళ్లిళ్ల ఆర్డరు ఉందని, ఎక్కనివాళ్ల పడుగు కోయించి వేరేవాళ్లకి ఇస్తానని చెప్పి వెళ్లాడు. సాయంత్రానికి వీధంతా మగ్గాల చప్పుడు మొదలైంది. నేను హైస్కూలు మెట్ల మీద కూర్చుని విన్నాను. కోయిస్తాడట. ముప్పై ఏళ్లయినా అదే కత్తెర.

మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ వీధిలోనే ఉండేవాడు. గుంట బక్కెట్లతో తోడి, అడుగున ఇసుక పోసి, తడి నేల మీదే కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నేను గట్టిగానే చెప్పాను. "మీ నాన్నకి జరిగింది చూశాం కదరా శీనయ్యా, నాకు కూడా జరగమంటావా?" అన్నాడు. ఆయన కొడుకు గణేశు నవ్వుతూ నాకు కాఫీ తెచ్చిచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, పెళ్లి కాలేదు. మేం ఊరు వదిలేనాటికి పసివాడు. ఇప్పుడు బావా బావా అంటూ వెనకే తిరిగేవాడు. నా బూట్లు ఎన్ని కిలోలో తూచి చూడాలని సరదా పడేవాడు.

పదో రోజు మావయ్య మెట్ల దగ్గర కనిపించాడు. పిక్కలు లాగుతున్నాయన్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఎలుక జ్వరానికి మొదటి గుర్తు పిక్కల నొప్పి. పుస్తకంలో ఉంటుంది, నేను చదివాను, పరీక్ష రాసి పాసయ్యాను. కానీ నేను నేతగాడి కొడుకుని కూడా. రోజంతా చెక్కలు తొక్కే మనిషికి పిక్కలు లాగడం మా ఇళ్లల్లో జబ్బు కాదు, సాయంత్రమైందని గుర్తు. మా అమ్మ రోజూ నాన్న పిక్కలకి ఆముదం రాసేది. అందుకని నేను నవ్వాను. "మగ్గం దిగితే ఎవరికి లాగవు మావయ్యా, ఆముదం రాయించుకో" అన్నాను. ఆయనా నవ్వాడు. సిస్టరు గారు అప్పుడు పక్క వీధిలో ఉన్నారు. ఉంటే పిక్క నొక్కి చూసేవారు.

పన్నెండో రోజుకి కళ్లు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నానికి పచ్చబడ్డాయి. ఉచ్చ ఆగిపోయింది. రెండు పదికి జీపులో విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. వాళ్లు చేయాల్సిందంతా చేశారు. పద్నాలుగో రోజు ఉదయం అయిదు నలభైకి పోయాడు. మాత్రల పెట్టెలు ఆ రోజే ఎనిమిదింటికి హైస్కూలుకి వచ్చాయి. సంతకం పెట్టి తీసుకున్నది నేనే.

ఆ రోజు నా బుర్రలో ఒక్కటే తిరిగింది. వీణ్ణి వదలను. మావయ్యని చంపింది నవ్విన నేనా, గుంటలో కూర్చోబెట్టిన షావుకారా అని నన్నెవరూ అడగలేదు. నేనే ప్రశ్న వేసుకుని, నేనే జవాబు చెప్పుకున్నాను. పగ ఉన్నవాడికి జవాబు వెతుక్కోవాల్సిన పనిలేదు.

పదిహేనో రోజు మాత్రలు పంచాం. సిస్టరు గారు తూర్పు వరస, నేను పడమటి వరస. మనిషి మన ముందే అన్నం తిని, మన ముందే మింగాలి. నోరు తెరిపించి నాలుక కింద చూడాలి. మావయ్య ఇంట్లో అత్తయ్య మింగింది. గణేశు లేడు. ఇంట్లో ఆ గుంటని చూడలేకపోతున్నాడని, షావుకారు షెడ్డులో ఒక మగ్గం ఖాళీగా ఉంటే పొద్దున్నుంచి అక్కడే కూర్చున్నాడని అత్తయ్య చెప్పింది. నాన్న పోయిన మర్నాడే మగ్గం ఎక్కితే ఊరు ఏమంటుందని అత్తయ్య ఏడ్చింది. పడుగు గడువు దాటితే ఊరు ఆపుతుందా అన్నాడట. "అక్కడికి కూడా వెళ్తావుగా, అక్కడే వేసెయ్యి నాయనా" అంది. సరేనన్నాను. రిజిస్టరులో అతని పేరు పక్కన 'షెడ్డు' అని రాశాను.

నాలుగు ఇళ్ల అవతలే నీలం తలుపు. పదకొండు ఇరవై. ఎండ తలుపు మీద పడుతోంది. మిగతా వీధంతా నీళ్ల మరక నడుం దాకా ఉంటే, ఆ అరుగు ఎత్తుగా కట్టడం వల్ల గడప కూడా తడవలేదు. లోపల్నుంచి ఆయన ఫోనులో ఎవరితోనో పట్టుబోర్డరు గురించి మాట్లాడటం వినిపించింది. గొంతు ముప్పై ఏళ్ల కిందటిదే.

నా సంచిలో మాత్రలున్నాయి. నేను తలుపు కొట్టలేదు. సుద్దముక్క తీసి, తలుపు తోసేచోట, చక్కగా, పెద్దదిగా టిక్కు పెట్టాను. రిజిస్టరులో ఆ ఇంటి గీత మీద 'అందరికీ ఇవ్వబడినది' అని రాసి సంతకం చేశాను. ఆయనకి ఆ జ్వరం రావాలనే కోరుకున్నాను. నీ పిక్కలు కూడా లాగాలి, నీ కళ్లు కూడా పచ్చబడాలి, నువ్వు కూడా ఉచ్చ ఆగి మెలికలు తిరగాలి అనుకున్నాను. దాచడం ఎందుకు, ఆ మధ్యాహ్నం హైస్కూలుకి వచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. పప్పుచారు, అప్పడం. చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది.

షావుకారు ఇంటి వెనక షెడ్డు ఉంటుందని, దానికి దారి ఆ నీలం తలుపులోంచేనని నాకు తెలియక కాదు. అరగంట ముందే అత్తయ్య నోటితో విని, నా చేత్తో రాసుకున్నాను. కానీ ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు ఆ ఇంట్లో నాకు ఒక్క మనిషే కనిపించాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు షావుకారు ఆరోగ్యం కనిపెట్టి చూశాను. స్కూటరు మీద తిరుగుతూనే ఉన్నాడు. గణేశు రోజూ ఎనిమిదింటికి హైస్కూలు ముందు టీ తాగి షెడ్డుకి వెళ్లేవాడు. చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి. మాత్ర గురించి అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు. టిక్కు పెట్టిన ఇంటి గురించి ఎవరూ అడగరు కదా. పెట్టినవాడు కూడా అడగడు.

ఇరవయ్యో రోజు, ఏడు పావు. గణేశు కుంటుతూ మెట్లెక్కాడు.

"పిక్కలు లాగుతున్నాయి బావా. మగ్గందేలే."

నేను అతన్ని బల్ల మీద పడుకోబెట్టి పిక్క నొక్కాను. కేక పెట్టాడు. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఇంకా పచ్చబడలేదు. సిస్టరు గారు పరుగున వచ్చి ఒక్క చూపు చూసి పెన్సిలిన్ తీయమన్నారు. నేను సెలైన్ పెట్టాను. రేడియో ఆపరేటర్ కాల్ కలిపాడు. మాటలు హిందీలో జరిగాయి, సిస్టరు గారికి హిందీ వచ్చు.

"ఎలుక జ్వరం అనుమానం. మగ, ముప్పై. మొదటి రోజు. బండి కావాలి. ఓవర్."

"బండి పామర్రు నుంచి బయల్దేరుతోంది. మాత్రలు వేసుకున్నాడా? ఓవర్."

సిస్టరు గారు అప్పటికే రిజిస్టరు తెరిచారు. గణేశు పేరు దగ్గర వేలు పెట్టి, 'షెడ్డు' చూసి, కాగితాలు తిప్పి షావుకారు ఇంటి గీత దగ్గర ఆగి, నా సంతకం చూసి, వేసుకున్నాడు అన్నట్టు తలూపారు. ఆపరేటర్ నా వైపు చూస్తున్నాడు. బటన్ నొక్కి పట్టుకున్నాను. అబద్ధం చెప్పొచ్చు. చెబితే అక్కడ డాక్టరు, మాత్ర వేసుకున్నవాడికి ఇంత త్వరగా రాదులే అని ఇంకో జ్వరం కోసం వెతుకుతాడు. ఆ కాస్త టైములో ఏం పోతుందో మావయ్య విషయంలో చూశాను.

"నెగటివ్. వేసుకోలేదు. ఓవర్."

సిస్టరు గారు తలెత్తారు. ఎనిమిది అయిదుకి గణేశుని ఎక్కించాం. అత్తయ్య జీపులో అతని తల ఒళ్లో పెట్టుకుంది. పది రోజులు తిరక్కుండా రెండోసారి ఆ జీపు ఎక్కుతోంది. నాకు దండం పెట్టింది. అది నేను మోయలేకపోయాను.

జీపు వీధి మలుపు తిరిగాక సిస్టరు గారి దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఆ ఇంట్లోకి నేను వెళ్లలేదండీ. కావాలనే వెళ్లలేదు."

ఆవిడ పెన్నుకి మూత పెట్టారు.

"మీ కోపం మీకుంది. నాకూ ఉందండీ. మీ మావయ్య ఒక్కడే కాదు, ఆ మనిషి స్కూటరు తిరిగిన ప్రతి వీధీ నాదే. కానీ ఆ టిక్కు మీది కాదు హవల్దారు గారూ, నాది. ముప్పై ఏళ్ల నుంచి నేను పెట్టే టిక్కుని ఈ ఊరు నమ్ముతోంది. దాన్ని పట్టుకెళ్లి మీ పగకి వాడుకున్నారు."

మా సుబేదారు కేకలేస్తే తుడిచేసుకుపోవడం నాకు పదిహేడేళ్ల అలవాటు. ఆవిడ కేకెయ్యలేదు. గొంతు కూడా పెంచలేదు. ఇప్పటికీ ఆ మాటలు అలాగే ఉన్నాయి.

తొమ్మిదింటికి ఇద్దరం నీలం తలుపు దగ్గరికి వెళ్లాం. ఆవిడ కొంగు తడిపి టిక్కు తుడిచి, నా చేతిలోంచి సుద్ద తీసుకుని ఇంటూ పెట్టారు. ఇంట్లో ముగ్గురు. వెనక షెడ్డులో మగ్గాలు ఆరు, మనుషులు తొమ్మిదిమంది. గుంటల అడుగున ఇంకా చెమ్మ. ఇద్దరు అవనిగడ్డ వైపు నుంచి పనికొచ్చి అక్కడే పడుకుంటున్నారు. వాళ్ల పేర్లు ఏ ఇంటి లెక్కలోనూ లేవు. తొమ్మిదిమందికీ పిక్కలు నొక్కి చూశాను. ఒకడికి వెచ్చగా ఉంటే హైస్కూలుకి పంపించాం. మిగతావాళ్లు నా ముందు ఇడ్లీ తిని మాత్రలు మింగారు.

చివరికి షావుకారు. పడక్కుర్చీలో కూర్చున్నాడు. డెబ్బై దాటాయి. నేను రెండు మాత్రలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

"ఎవరబ్బాయివయ్యా నువ్వు? ఇక్కడి యాసలాగుందే."

"పడమటి వీధి నాగేశ్వర్రావు కొడుకుని. మా నాన్న మంచంలో ఉంటే మగ్గం మీద పడుగు కోయించారు."

ఆయన నిజంగానే ఆలోచించాడు. కళ్లు చికిలించి, నుదురు రుద్దుకుని, గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడ్డాడు.

"ఏ నాగేశ్వర్రావు? చాలామందివి కోయించాను నాయనా. గుర్తులేదు."

ముప్పై ఏళ్లు మేపిన పగ. ఆయన దగ్గర దానికి పేరు కూడా లేదు. వెనక సిస్టరు గారు రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నారని తెలుసు. మాత్రలు ఆయన చేతిలో పెట్టాను. నీళ్లు ఇచ్చాను. నోరు తెరవమని టార్చి వేసి నాలుక కింద చూశాను. శుభ్రంగా మింగాడు. మనిషి ఇప్పటికీ గట్టిగా ఉన్నాడని విన్నాను.

సిస్టరు గారు తలుపు మీద ఇంటూ తుడవలేదు. ఒక జ్వరం కేసు ఆ షెడ్డు నుంచే వచ్చింది కాబట్టి, గుంటలు పూర్తిగా ఆరి మళ్లీ పరీక్షించేదాకా పది రోజులు షెడ్డు మూయాలని రాశారు. మధ్యాహ్నానికి మున్సిపాలిటీ నోటీసు తెప్పించి, ఆ నీలం తలుపు మీదే జిగురు రాసి అతికించారు. షెడ్డు మనుషుల్ని రోజూ చూడాలి కాబట్టి వాళ్లు ఎక్కడికీ వెళ్లకూడదు, అన్నం షావుకారు ఇంటినుంచే పెట్టాలి అన్నారు. షావుకారు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆవిడ ఫోను వంక కూడా చూడలేదు. వీధిలో మిగతా మగ్గాలకి కూడా అదే గడువు ఇచ్చి, ఎవరి పడుగైనా కోస్తే తన రిపోర్టులో పేరు ఉంటుందని, నడివీధిలో నిలబడి, మర్యాదగా, అండీ అండీ అంటూనే చెప్పారు. నేను పక్కనే నిలబడి విన్నాను. చెప్పొద్దూ, కడుపు చల్లబడింది. షావుకారు భార్య షెడ్డు మనుషులకి విస్తళ్లు వేస్తుంటే రోజూ ఒంటిగంటకి వెళ్లి లెక్క చూసేవాణ్ణి. పెరుగు వేశారా అని కూడా అడిగేవాణ్ణి. నేను సుద్దముక్కతో చేయలేని పని ఆవిడ రిజిస్టరుతో చేశారు.

ఇరవై ఆరో రోజు ఉదయం ఏడింటికి బయల్దేరాం. సామాను: ఖాళీ పెట్టెలు, స్ట్రెచర్, రేడియో. సిస్టరు గారు రోడ్డు దాకా వచ్చి ఆరుగురికీ పేరుపేరునా వెళ్లి రమ్మని చెప్పారు. నాకు మాత్రం, గణేశుకి ఉచ్చ ఫ్రీగా వస్తోందట, నిన్న రాత్రి ఫోను వచ్చింది అన్నారు. అంతే. పామర్రు దగ్గర పొలాల్లో కుళ్లిన వరి వాసన. ఆటోనగర్‌లో షట్టర్లు ఎత్తి బురద కడుగుతున్నారు. ఎక్కడో వెల్డింగు మొదలైంది. నేను ఇటూ అటూ చూడలేదు.

గణేశు బతికాడు. మూడుసార్లు డయాలసిస్ చేశారు. మళ్లీ మగ్గం ఎక్కాడు, కాకపోతే గుంటకి సిమెంటు చేయించాడు. పోయినేడాది పెళ్లి చేసుకున్నాడు, నేను వెళ్లాను. అందరికీ నన్ను చూపించి, మా బావ మొదటిరోజే పట్టుకోబట్టి బతికాను అని చెప్పాడు. నేను అన్నం ముందు కూర్చుని తలూపాను. అతనికి ఇంతవరకూ నిజం చెప్పలేదు. సిస్టరు గారూ చెప్పలేదు. ఇది చదివాకే తెలుస్తుంది. షావుకారుని నేను ఇవాళ్టికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. గణేశు నన్ను ఏం చేస్తాడో అతని ఇష్టం. పగ పెట్టుకుంటే కాదనే హక్కు నాకు లేదు.

ఒకటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆ ఇరవయ్యో రోజు సెలైన్ సూది కోసం అతని చెయ్యి పట్టుకుని తిప్పినప్పుడు అరచేయి చూశాను. గీతల్లో తెల్లటి పొడి ఉంది. నేతగాడి చేతికి గంజి పొడి ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. గంజే అయ్యుంటుంది. కానీ నేను టిక్కు పెట్టింది తలుపు తోసేచోట. నాలుగు రోజులుగా అతను దాని మీద చెయ్యి వేసి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.